తుక్కుకి పోయిన మా షిప్ కోసం అలంగ్ దాకా: నా అనుభవం

2021 అక్టోబర్‌లో, దసరా అయిన వారానికి, నెల్లూరు స్టేషన్లో మధ్యాహ్నం నవజీవన్ ఎక్కాను. బండి మీద స్టేషన్ దాకా దింపిన మా మామ "పాత ఇనుం చూసేదానికి గుజరాత్ దాకా పోవాల్నా అబ్బయా, ఆ డబ్బులు ఇంట్లో ఇస్తే నాలుగు రోజులు గడవవా" అన్నాడు. ఆయన మాటలో తప్పేం లేదు. కరోనా దెబ్బకి నేను పనిచేసే హోటల్లో జీతాలు సగమైన రోజులవి. ఏమీ మాట్లాడకుండా బ్యాగు అందుకున్నాను. రైలు పెన్న బ్రిడ్జి ఎక్కాక మాత్రం మనసు కుదుటపడింది. నేను మూడు కాంట్రాక్టులు పనిచేసిన ప్యాసింజర్ షిప్‌ని గుజరాత్ తీరంలో, అలంగ్‌లో ముక్కలు చేసేశారు. దానిలోంచి ఏదో ఒక వస్తువు, చిన్నదైనా సరే, ఒకసారి చేత్తో పట్టుకోవాలి. అంతకుమించి నాకు వేరే పనేం లేదు గుజరాత్‌లో.

ఆ షిప్‌కి ఆరు పేర్లు. 1990లో ఇటలీలో, మోన్‌ఫాల్కోనే యార్డులో ఫిన్‌కాంటియరీ వాళ్ళు కట్టి ఇచ్చినప్పుడు దాని పేరు క్రౌన్ ప్రిన్సెస్. నేను పుట్టిన ఏడాదే. న్యూయార్క్‌లో దానికి పేరు పెట్టింది ఇటలీ సినిమా నటి సోఫియా లారెన్. రూపం గీసింది రెంజో పియానో అనే ఇటలీ ఆర్కిటెక్టు. అందుకే ముందువైపు పైభాగం మామూలు షిప్పుల్లా కోసుగా కాకుండా నున్నగా, గుండ్రంగా, డాల్ఫిన్ తల మాదిరి ఉండేది. ఆ తర్వాత 2002లో ఆరోసా బ్లూ అయింది, 2004లో ఐడాబ్లూ, 2007లో ఓషన్ విలేజ్ టూ, 2009 చివర్లో ఆస్ట్రేలియాకి పోయి పసిఫిక్ జ్యువెల్, 2019లో మన దేశానికొచ్చి కర్ణిక. 245 మీటర్ల పొడవు, 70 వేల టన్నేజీ, రెండు వేల మంది దాకా ప్యాసింజర్లు. కట్టిన రోజుల్లో అది పెద్ద షిప్పే. ఇప్పుడు రెండు లక్షల టన్నేజీ దాటినవి తిరుగుతున్నాయి కాబట్టి దీన్ని మధ్యరకం అంటున్నారు. నాకు మాత్రం మొదటిరోజు గ్యాంగ్‌వే ఎక్కుతూ తల పైకెత్తితే ఆకాశం కనపడలేదు.

అసలు నేను షిప్ ఎక్కింది ఎట్లా అనేది కూడా చెప్పాలి, మన వైపు పిల్లలు ఇప్పటికీ ఫోన్ చేసి అడుగుతుంటారు. మాది కావలి దగ్గర తీరం ఊరు. నాయన రొయ్యల గుంటలు కౌలుకి చేసేవాడు. వైరస్ వచ్చి రెండు పంటలు వరసగా పోయాక ఇంట్లో అప్పులు తప్ప ఏం మిగల్లేదు. చెన్నైలో హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చేసి రెండేళ్ళు రూమ్ బాయ్‌గా చేశాను. అక్కడే ఒకాయన షిప్ ఉద్యోగం ఇప్పిస్తానని నలభై వేలు తీసుకున్నాడు. నాయన అమ్మ గాజులు పెట్టి తెచ్చిన డబ్బు అది. మూడు నెలలు రేపు రేపని తిప్పి ఫోన్ ఎత్తడం మానేశాడు. అప్పుడు తెలిసింది నాకు, సీమెన్‌ని, అంటే షిప్పుల్లో పనిచేసేవాళ్ళని, ఎక్కించే ఏజెన్సీకి డీజీ షిప్పింగ్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ లైసెన్సు ఉండాలని, ఆ లైసెన్సు ఉన్నవాళ్ళు ఉద్యోగం ఇప్పించినందుకు మన దగ్గర ఫీజు తీసుకోకూడదని. లైసెన్సు ఉన్నవాళ్ళ లిస్టు డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్లోనే ఉంటుంది. ఎవరన్నా డబ్బు అడిగారంటే అక్కడే లేచి వచ్చేయండి. ఈ ఒక్క మాట నాకు ముందే ఎవరన్నా చెప్పి ఉంటే అమ్మ గాజులు అమ్మ చేతికే ఉండేవి.

తర్వాత అన్నీ వరసగా జరిగాయి. పాస్‌పోర్టు, ఇండోస్ అనే సీమెన్ నంబరు, మెడికల్, గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎల్లో ఫీవర్ ఇంజెక్షన్, సీడీసీ అనే సీమన్ బుక్కు. ఆస్ట్రేలియా క్రూ వీసాకి ఫీజు లేదు. వీటన్నిటిలో గుర్తుండిపోయింది సేఫ్టీ కోర్సు. నిప్పు ఆర్పడం, ఫస్ట్ ఎయిడ్, ఇంకా నీళ్ళలో బతకడం. స్విమ్మింగ్ పూల్ పక్కన ఎత్తు మీదనుంచి లైఫ్ జాకెట్ వేసుకుని దూకాలి. ఒక చేత్తో ముక్కు, నోరు మూసుకోవాలి, రెండో చేత్తో జాకెట్‌ని కిందికి అదిమి పట్టుకోవాలి, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, చూపు ఎదురుగా ఉంచి ఒక అడుగు ముందుకేయాలి, అంతే. జాకెట్‌ని అదమకుండా దూకితే నీళ్ళు తగలగానే అది ఎగిరి గడ్డానికి కొడుతుంది. సముద్రం పక్కన పుట్టి, ఊహ తెలిసినప్పటినుంచి ఈత కొడుతున్నవాణ్ణి, అయినా ఆ రోజు నా గడ్డం పగిలింది. ఆ మచ్చ ఇంకా ఉంది.

2015 ఫిబ్రవరిలో సిడ్నీలో సైన్ ఆన్ అయ్యాను, అంటే పనిలో చేరాను, గదులు సర్దే కేబిన్ స్టీవార్డ్‌గా. అక్కడ షిప్ ఆగేది వైట్ బే అనే టెర్మినల్లో. దానికి పోవాలంటే హార్బర్ బ్రిడ్జి కిందనుంచి దూరాలి. కింద డెక్కుల్లో ఉండే మాకు బయట ఏం జరుగుతోందో తెలియదు, కానీ బ్రిడ్జి దగ్గరికొస్తోందనగానే ప్యాసింజర్లందరూ పైకి పరిగెత్తే అడుగుల చప్పుడు కారిడార్లలో వినపడేది. రెండో నెలలో ఒకసారి సూపర్‌వైజర్ "పోయి చూసిరా" అని పది నిమిషాలు పంపించాడు. పొగగొట్టం బ్రిడ్జికి తగులుతుందేమో అన్నంత దగ్గరగా వచ్చి దాటిపోయింది. పైన నిలబడ్డ వాళ్ళంతా ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు, ముసలివాళ్ళు కూడా.

నాకు పదహారు కేబిన్లు ఇచ్చారు. మామూలు రోజుల్లో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చేస్తే సరిపోయేది. టర్న్ అరౌండ్ రోజు మాత్రం వేరు. పొద్దున తొమ్మిది, పది లోపల పాతవాళ్ళు దిగిపోతారు, మధ్యాహ్నానికి కొత్తవాళ్ళు ఎక్కడం మొదలుపెడతారు. ఆ మధ్యలో పదహారు కేబిన్లూ అప్పుడే కట్టిన ఇల్లు మాదిరి తయారుచేయాలి. దుప్పట్లు ఒక మూటకి, టవళ్ళు ఒక మూటకి. తర్వాత బాత్రూమ్, అద్దం, సేఫ్ ఖాళీగా ఉందా, హ్యాంగర్లు లెక్క సరిపోయాయా, చివరగా బీరువా పైనుంచి లైఫ్ జాకెట్లు దింపి లెక్కపెట్టి, ఒక్కోదానికి లైటు ఉందా, విజిల్ ఉందా అని వేలితో తడిమి చూడాలి. విజిల్ పోవడం ఎక్కువ. పిల్లలు పీక్కుని పోతారు. ప్రమాదం వస్తే ఏం చేయాలో నేర్పే మస్టర్ డ్రిల్‌లో ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత అయ్యాక జనాన్ని నిలబెట్టి జాకెట్ ఎట్లా కట్టుకోవాలో చూపించేది మేమే. "దయచేసి విజిల్ ఊదకండి" అని మేము చెప్పడం పూర్తయ్యేలోపలే ఎక్కడో ఒక పిల్లవాడు ఊదేవాడు. ప్రతి ట్రిప్పులో, ఒక్కసారి కూడా తప్పకుండా.

నా పదహారింటిలో ఒక కేబిన్లో బీరువా పక్క చెక్క షిప్ ఊగినప్పుడల్లా కిర్రుమనేది. న్యూజిలాండ్ వైపు పోతే అక్కడ సముద్రం గట్టిగా ఉంటుంది, ఆ రాత్రి ఆ కేబిన్లో పడుకున్న వాళ్ళకి నిద్ర ఉండదు. మెయింటెనెన్స్ వాళ్ళు వచ్చి బిగించారు, నాలుగు రోజులకి మళ్ళీ మొదలు. ఒకరోజు సబ్బుల డబ్బా అట్ట చింపి, నాలుగు మడతలు పెట్టి, వెన్న పూసే కత్తితో ఆ సందులోకి నెట్టాను. మళ్ళీ చప్పుడు రాలేదు. అంత పెద్ద షిప్పులో నేను చేసిన రిపేరు అదొక్కటే.

ఆ కేబిన్లో ఏటా ఒక పెద్దావిడ వచ్చేది. ఆస్ట్రేలియాలోనే న్యూకాజిల్ అనే బొగ్గు ఊరు నుంచి. ఎనభై దగ్గర ఉంటుంది వయసు. భర్త పోయాక ఒక్కతే వస్తోంది, అడిగి మరీ అదే కేబిన్ తీసుకునేది. మొదటిరోజు నేను ఆమె వాడని రెండో మంచం దుప్పటి మడిచి పక్కన పెట్టేస్తే, "వద్దు నాయనా, దాన్ని కూడా పరుచు" అన్నట్టుగా చెప్పింది, ఇంగ్లీషులో, కానీ నాకు తెలుగులోనే వినపడినట్టు గుర్తు. అప్పటినుంచి రోజూ సాయంత్రం రెండు మంచాలూ పరిచేవాణ్ణి, రెండు దిండ్లూ దులిపి పెట్టేవాణ్ణి. పొద్దున పోతే రెండోది ముడత పడకుండా అట్లాగే ఉండేది. అయినా మార్చేవాణ్ణి. దాని గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇంకో జంట వచ్చారు ఒకసారి, అరవై దాటినవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో కరేబియన్‌లో ఇదే షిప్ ఎక్కారంట, క్రౌన్ ప్రిన్సెస్‌గా ఉన్నప్పుడు. మూడు అంతస్తుల ఏట్రియంలో, అంటే షిప్ నడిమి హాల్లో, మెట్ల దగ్గర నిలబడి ఆయన రెయిలింగ్‌ని చేత్తో నిమురుతూ "కార్పెట్ మారింది, మెట్లు అవే" అని నాతో అన్నాడు. ఆమె అక్కడే ఒక మెట్టు మీద కూర్చుని, పాత ఫోటో తీసి, అదే మెట్టు ఏదో వెతకడం మొదలుపెట్టింది. నేను ట్రేతో నిలబడి చూస్తున్నాను, నాకు పని ఉంది, కదలబుద్ధి కాలేదు. ఆ రోజు దాకా నాకది పని చేసే చోటు. ఆ రోజునుంచి అది వేరేవాళ్ళు బతికిన ఇల్లు, నేను చూసుకుంటున్నాను అనిపించింది.

నూమియా, లిఫూ, పోర్ట్ విలా, మిస్టరీ ఐలండ్, అన్నీ మేము ఆగే పసిఫిక్ దీవులు, రేవులు. పేర్లు చెప్తే మన వాళ్ళు "అబ్బో" అంటారు, నేను దిగి చూసింది చాలా తక్కువ. పని, తిండి, నీటి మట్టం కిందున్న కేబిన్లో పై బంకు మీద నిద్ర. 2016లో నాయన పోయాడు. మేము సముద్రం మీద ఉన్నాం. రేవుకి చేరి, ఫ్లైట్లు మారి మారి ఇంటికొచ్చేసరికి అంతా అయిపోయింది. బ్యాగులో ఆయన కోసం కొన్న టార్చిలైటు ఉంది. గుంటల దగ్గర రాత్రి కాపలాకి పనికొస్తుందని కొన్నది. అమ్మ దాన్ని ఇంకా దేవుడి గూటి పక్కనే పెట్టుకుంది.

2018 చివర్లో మూడో కాంట్రాక్టు అయ్యాక నేను ఇక పోలేదు. పెళ్ళయింది, నెల్లూరులోనే హోటల్లో హౌస్ కీపింగ్ సూపర్‌వైజర్‌గా చేరాను. 2019 మొదట్లో మా క్రూ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది, జ్యువెల్ ఆస్ట్రేలియా వదిలేస్తోందని, ఇండియాకి వస్తోందని. నమ్మలేదు. ఏప్రిల్‌లో ముంబైలో జలేష్ క్రూయిజెస్ వాళ్ళ కర్ణికగా తిరగడం మొదలైంది. కర్ణిక అంటే తామరపువ్వు మధ్యలో ఉండే దుద్దు. చెవి కమ్మకి కూడా ఆ పేరుంది. నాకు ఆ పేరు చాలా నచ్చింది, జ్యువెల్ అంటే నగే కదా, పేరు మారినా నగలోనే ఉంది అనుకున్నాను.

అమ్మతో చెప్తే ఆమె ఒకటే మాట అంది. "అన్నేళ్ళు ఎవరి ఇల్లు ఊడ్చావో నాకు చూపించు."

మే నెలలో, మన రాష్ట్రంలో ఓట్లేసి రిజల్టు కోసం చూస్తున్న రోజుల్లో, రేణిగుంట పోయి ముంబై రైలెక్కాం. రైలంతా ఎవరు గెలుస్తారనే గొడవే. నా భార్య అప్పుడు పుట్టింట్లో ఉంది, నెలలు నిండుతున్నాయి, అందుకని నేనూ అమ్మా ఇద్దరమే. ముంబై, గోవా, మళ్ళీ ముంబై. ముంబై రేవు బల్లార్డ్ పియర్‌లో తెల్లటి ఆ డాల్ఫిన్ తల కనపడగానే నాకు గొంతు పట్టేసింది. అమ్మ అయితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. "ఇంతదాన్ని నువ్వొక్కడివే ఊడ్చావంట్రా" అంది. లేదమ్మా, పదహారు గదులే అంటే, వినపడనట్టే చూస్తూ ఉంది.

లోపల చాలా మారింది. పాత బోర్డులు పోయాయి, జైన్ భోజనం, గుజరాతీ థాలీ, హిందీ పాటలు వచ్చాయి. నా కాలంలో ఎక్కువగా పెద్దవాళ్ళు ఉండేవాళ్ళు, ఇక్కడ ఒక్కో కుటుంబం పదిమంది, పదిహేనుమంది, పిల్లా జెల్లా, అమ్మమ్మలు, తాతలు. కొత్తగా పెళ్ళయిన వాళ్ళు డెక్ మీద ఎండలో కూడా నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. సూరత్ నుంచి వచ్చిన ఒక ముసలాయన అమ్మని హిందీలో ఏదో అడిగాడు, అమ్మ తెలుగులో ఏదో చెప్పింది, ఇద్దరూ తలలూపుకుని పక్కపక్కన కూర్చుని అరగంట సముద్రాన్ని చూశారు. కానీ మెట్లు అవే. రెయిలింగ్ అదే. క్రూ తలుపు తోసినప్పుడు లోపలినుంచి వచ్చే ఆ వాసన, లాండ్రీ ఆవిరి, ఫ్లోర్ పాలిష్, కూర వాసన కలిసి, అదీ అదే.

మస్టర్ డ్రిల్ అన్నారు. జాకెట్లు తీసుకుని మస్టర్ స్టేషన్ దగ్గర నిలబడ్డాం. వందలసార్లు నేను అటువైపు నిలబడి చూపించిన పని, ఇప్పుడు ఇటువైపు నిలబడ్డాను. అమ్మ చీర మీద జాకెట్ తొడిగి, పట్టీ నడుం చుట్టూ తిప్పి, ముందుకి తెచ్చి బకిల్ బిగించాను. నారింజరంగు జాకెట్‌లో అమ్మ చిన్నపిల్లలా అయిపోయింది. విజిల్ చేతికి తగిలింది ఆమెకి. "ఇదేంది" అంది. నీళ్ళలో పడితే ఊదితే వినపడి వస్తారమ్మా అన్నాను. నోటి దాకా తీసుకుపోయింది. ఊదకూడదు అన్నాను. ఊదలేదు, కానీ డ్రిల్ అయ్యేదాకా పిడికిట్లోంచి వదల్లేదు కూడా.

మర్నాడు పొద్దున నేను నిద్ర లేచేసరికి అమ్మ రెండు మంచాలూ సర్దేసింది. దుప్పట్లు మడత పెట్టి, బాత్రూమ్ నేల టవల్‌తో తుడిచి, గ్లాసులు కడిగి బోర్లించింది. స్టీవార్డ్ వచ్చి తలుపు దగ్గర నిలబడి, ఏదన్నా తప్పు జరిగిందా సార్ అని నన్ను అడిగాడు. నేపాల్ కుర్రవాడు. "వాడు కూడా ఎవరి బిడ్డో కదరా, పదహారు గదులంటివి, పదిహేను చేసుకుంటాడులే" అంది అమ్మ. ఆ కుర్రవాడికి హిందీలో చెప్తే నవ్వాడు, వంగి ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టాడు. నేను ఎన్ని కాంట్రాక్టులు చేసినా ఒక్క ప్యాసింజరుకి నేనట్లా పెట్టలేదు.

నా కిర్రు కేబిన్ చూడాలని రెండో రోజు సాయంత్రం ఆ కారిడార్లోకి పోయాను. నంబరు అదే. తలుపు తెరిచే ఉంది, లోపల ఇద్దరు పిల్లలు మంచాల మీద గెంతుతున్నారు, వాళ్ళమ్మ బ్యాగులో ఏదో వెతుకుతోంది. ఏమని అడుగుతాను, మీ బీరువా సందులో నా అట్ట ముక్క ఉందేమో చూస్తానని అడగనా. షిప్ కొంచెం ఊగుతోంది అప్పుడు. ఒక నిమిషం నిలబడి విన్నాను. చప్పుడు లేదు. చాలనుకుని వచ్చేశాను.

ఆ రాత్రి డెక్ మీద అమ్మ అడిగింది, "ఇక్కడినుంచి మన ఊరు కనపడిద్దా" అని. మన సముద్రం అటుపక్కమ్మా, ఇది అరేబియా అన్నాను. "నీళ్ళన్నీ ఒకటేలే" అంది. తర్వాత కాసేపటికి, "మీ నాయన చూసుంటే బాగుండు" అంది, అంతే, ఇక ఏం మాట్లాడలేదు.

2020 మార్చిలో కరోనాతో అన్ని షిప్పులూ ఆగిపోయాయి. కర్ణిక ముంబై దగ్గర ఆగింది, మళ్ళీ ప్యాసింజర్లని ఎక్కించుకోలేదు. బాంబే హైకోర్టు ద్వారా వేలానికి వచ్చింది. నవంబర్లో మా గ్రూపులో ఒక వీడియో పెట్టారు, అలంగ్ ఒడ్డు మీదకి అది నేరుగా వచ్చి ఎక్కడం. ముప్ఫయ్యేళ్ళ వయసు. ఆ వీడియో నేను హోటల్ లినెన్ రూమ్‌లో కూర్చుని చూశాను. రెండోసారి చూడలేదు. దాని చెల్లెలు లాంటిది ఒకటుంది, రీగల్ ప్రిన్సెస్ అని 1991లో అదే యార్డులో కట్టింది, మా రోజుల్లో పసిఫిక్ డాన్ పేరుతో బ్రిస్బేన్ నుంచి తిరిగేది. దాన్ని కూడా తుక్కుకి అమ్మేశారని వార్తలొచ్చాయి కానీ తప్పించుకుంది, ఆంబియెన్స్ అనే పేరుతో లండన్ దగ్గర టిల్‌బరీ నుంచి 2022లో మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. నా ఫోన్లో షిప్పులు ఎక్కడున్నాయో చూపించే యాప్ ఉంది, అప్పుడప్పుడూ దాన్ని చూస్తుంటాను.

సరే, అలంగ్. నవజీవన్ మర్నాడు సాయంత్రానికి అహ్మదాబాద్ చేర్చింది. అక్కడినుంచి బస్సులో భావనగర్, రాత్రి అక్కడ పడుకుని పొద్దున్నే ఇంకో బస్సు, సుమారు యాభై కిలోమీటర్లు. త్రాపజ్ దగ్గర మెయిన్ రోడ్డు వదిలి సముద్రం వైపు తిరగాలి. ఆ రోడ్డుకి రెండు వైపులా కిలోమీటర్ల పొడుగునా షాపులే. వాళ్ళు ఖాడా అంటారు. ఒకదాంట్లో పరుపులే, ఒకదాంట్లో కుర్చీలే, ఒకదాంట్లో హోటల్ వంటగది సామాన్లు, కమోడ్లు ఒక వరస, తలుపులు ఒక వరస, ఒకచోట లైఫ్ బోట్లు ఎండలో వరసగా బోర్లా పడి ఉన్నాయి. 1983 నుంచి అక్కడ షిప్పులు విప్పుతున్నారు. మన కోస్తాలో ఆటుపోట్లు మహా అయితే మనిషి ఎత్తు ఉండవు, అక్కడ పది మీటర్ల దాకా నీళ్ళు లేస్తాయి. అమావాస్యకో పున్నానికో పోటు మీద ఉన్నప్పుడు షిప్‌ని పూర్తి స్పీడుతో ఒడ్డుకి తోలతారు, ఆటుకి నీళ్ళు వెనక్కి పోతే అది ఇసుకలో కూర్చుండిపోతుంది. ఆ తర్వాత గ్యాస్ కట్టర్లతో ముక్కలు. ఒడిశా, బీహార్, యూపీ వాళ్ళు ఎక్కువ ఆ పనిలో. యార్డులోకి పోవాలంటే పర్మిషన్ కావాలి, నాకు ఎవరిస్తారు. దూరంనుంచి, రెండు ప్లాట్ల సందులోంచి, సగం కోసిన ఏదో షిప్ కనపడింది. లోపల అంతస్తులు, గదులు, గోడలకి రంగులు, తేనెతుట్టె కోసినట్టు. మాది కాదు. మాది అప్పటికే అయిపోయింది.

ఆ ఏడాది అక్కడికి ప్యాసింజర్ షిప్పులు చాలా వచ్చాయి, మార్కో పోలో, మెగెలాన్, కొలంబస్, గ్రాండ్ సెలబ్రేషన్. అందువల్ల ఏ సామాను ఏ షిప్‌దో కలిసిపోయింది. ఏ షాపులో అడిగినా "కర్ణిక కా హీ హై", కర్ణికదే అంటారు, మార్కో పోలోది అని అడిగితే దానికీ అట్లాగే అంటారు. వాళ్ళ వ్యాపారం వాళ్ళది. పొద్దున తొమ్మిదినుంచి మధ్యాహ్నం మూడు దాకా షాపు షాపుకీ తిరిగాను. ఒక కుర్చీ మా వాటర్‌ఫ్రంట్ రెస్టారెంట్‌లోదే అనిపించింది, కూర్చుని చూశాను, తెలియలేదు. హ్యాంగర్లు పట్టుకుని చూశాను. హ్యాంగర్లన్నీ ఒకటే. దుప్పట్ల గుట్ట ముందు నిలబడ్డప్పుడు ఇక లాభం లేదనిపించింది, చేతులు ఊరికే వాటిని మడతపెట్టడం మొదలుపెట్టాయి. షాపతను చూసి, ఈ పని తెలిసినవాడివా అన్నాడు. ఆ షిప్పులో పనిచేశాను అన్నాను. అతను ఒక్క క్షణం నన్ను చూసి, లోపలికి పిలిచి టీ ఇచ్చాడు. తర్వాత రోడ్డు అవతలి షాపు చూపించి, జాకెట్లు చూడు, జాకెట్ల మీద పేరుంటుంది అన్నాడు.

అన్నాళ్ళు పనిచేసినవాణ్ణి, నాకే తట్టలేదు. లైఫ్ జాకెట్ల మీద షిప్ పేరు రాసి ఉంటుంది కదా.

అవతలి షాపులో జాకెట్లు గోనెసంచుల్లో కుక్కి గుట్టగా పడేసి ఉన్నాయి. నాలుగో సంచిలో దొరికింది. పెద్దవాళ్ళ సైజు, నారింజరంగు వెలిసిపోయి, ఒక పక్క గ్రీజు మరక. వీపు మీద కర్ణిక అని ఇంగ్లీషు అక్షరాలు. వాటి పైన ఒక నల్లటి పట్టీ, పాత పేరుకి పెయింట్ కొట్టేసినట్టు. షాపులోంచి బయటికి తెచ్చి ఎండకి ఏటవాలుగా పట్టుకుని చూస్తే ఆ నలుపు కింద అక్షరాల అంచులు లేచి కనపడుతున్నాయి. వేలితో తడుముతూ పోయాను. పసిఫిక్ వచ్చింది. జ్యువెల్‌లో మొదటి మూడు అక్షరాలు వచ్చాయి. అక్కడే రోడ్డు పక్కన కూర్చుండిపోయాను. షాపు కుర్రవాడు మూడొందలు అన్నాడు, నేను బేరం ఆడలేదు.

జాకెట్ ఫోటో తీసి న్యూకాజిల్ పెద్దావిడకి మెయిల్ పంపాను. ప్రతి క్రిస్మస్‌కీ ఆమె నాకు నాలుగు వాక్యాలు రాస్తుంది, నేను సంక్రాంతికి రాస్తాను. మూడు రోజులకి జవాబు వచ్చింది. షిప్ పోయిన సంగతి తెలుసునని, కానీ ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదని, పిల్లలకి చెప్తే "అది షిప్పే కదమ్మా" అన్నారని రాసింది. చివర్లో, ఆ చెక్క కిర్రుమనడం ఆపింది నువ్వే కదా, అప్పుడే తెలుసు నాకు అని రాసింది. నేను ఆ అట్ట ముక్క గురించి ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు.

ఇంటికి తెచ్చాక జాకెట్‌ని గోడకి తగిలిద్దామనుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు. డీజిల్ కంపు కొడుతోందని టబ్బులో సర్ఫు వేసి నానబెట్టి, పెరట్లో బండ మీద బ్రష్‌తో రుద్దింది. ఆ నల్ల పెయింటు పొరలు పొరలుగా లేచి వచ్చింది. వద్దమ్మా, పేరు పోతుంది అని నేను పరిగెత్తాను. పోయింది నలుపే. నలుపు కింద దాగిన పాత పేరు ఇంకా స్పష్టంగా కనపడింది, దాని దిగువన కర్ణిక అట్లాగే ఉంది, ఇప్పుడు రెండూ చదువుకోవచ్చు. అమ్మకి ఇంగ్లీషు రాదు. "పైనది నువ్వు చేసింది, కిందది మనం పోయింది, అంతేనా" అని అడిగింది. అంతే అన్నాను.

దండెం మీద ఆరేస్తూ, పట్టీలు సర్దుతూ, ఛాతీ దగ్గర దారం చేతికి తగిలితే ఆగింది. దారం ఉంది, చివర ముడి ఉంది.

"విజిల్ ఏదిరా?"

లేదమ్మా, ఎవరో పిల్లలు తీసుకుని ఉంటారు అన్నాను. ఆమె నా మాట వినకుండా, నేను జాకెట్ తెచ్చిన గోనెసంచి తెచ్చి, తిరగేసి, రెండుసార్లు గట్టిగా దులిపి చూసింది.